మిగ్ వెళ్ళినది, మిగిలిన దేమి?

2025 సెప్టెంబరు 26వ తేదీన చండీగఢ్ వాయుసేనా స్థావరములో ఒక విమానమునకు వీడ్కోలు చెప్పినారు. అరువది రెండు సంవత్సరములు భారతాకాశమును కాచిన మిగ్-21 ఆనాడు కడసారిగా ఎగిరినది. వాయుసేనాధిపతి అమర్ ప్రీత్ సింగ్ స్వయముగా ఒక విమానమును నడపి ఆ వీడ్కోలులో పాల్గొన్నారు. 1963లో ఈ విమానము మన వాయుసేనలో తొలిసారిగా చేరినది కూడ ఆ చండీగఢ్‌లోనే. తాత నడపిన విమానమును మనుమడు నడపిన వింత ఈ యంత్రమునకు చెల్లినది.

ఉత్సవము ఘనముగనే జరిగినది. కాని ఉత్సవము ముగిసిన మరునాడు మిగిలిన లెక్క అంత సంతోషకరమైనది కాదు. భారత వాయుసేనకు ప్రభుత్వము మంజూరు చేసిన యుద్ధవిమాన దళముల సంఖ్య 42. మిగ్-21 దళములు రెండును తొలగిపోగా మిగిలినవి 29. వాయుసేనలో దళము, అనగా స్క్వాడ్రన్, అనునది సుమారు 16 నుండి 18 విమానములు గలిగిన సముదాయము. పదమూడు దళముల లోటనగా రెండు వందలకు పైబడిన విమానముల లోటన్న మాట. పశ్చిమమున పాకిస్తాన్‌ను, ఉత్తరమున చైనాను ఏకకాలమున ఎదుర్కొనవలసి వచ్చిన యెడల ఎన్ని దళములు కావలెనను ఆలోచనతో 42 అను సంఖ్యను చూచుట పరిపాటి. ఆ అవసరము తగ్గలేదు. తగ్గినది విమానముల సంఖ్య మాత్రమే.

ఈ లోటు ఒక్కనాటిలో వచ్చినది కాదు. దీని వెనుక ఆరు దశాబ్దముల చరిత్ర కలదు. ఆ చరిత్రను తెలిసికొనక ఈనాటి పరిస్థితిని అర్థము చేసికొనుట సాధ్యము కాదు.

మిగ్ ఎందుకు వచ్చినది?

1960ల తొలినాళ్ళలో అమెరికా దేశము పాకిస్తానుకు స్టార్ ఫైటర్ అను ఎఫ్-104 విమానములను ఇచ్చినది. అవి శబ్దవేగమునకు రెండింతల వేగముతో పోగలవి. అప్పుడు మన వాయుసేన యొద్ద అంత వేగముగల విమానము ఒక్కటియు లేదు. కొనుగోలు చేయుటయే కాక, మన దేశములోనే తయారు చేసికొనుటకు కూడ అనుమతి నిచ్చు దేశము కావలసి వచ్చినది. అట్టి ఒప్పందమునకు సోవియట్ యూనియన్ అంగీకరించినది.

ఆ ఒప్పందము మన పరిశ్రమల చరిత్రలో పెద్ద మలుపు. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ సంస్థ విమాన దేహమును నాసిక్‌లోను, ఇంజనును ఒరిస్సాలోని కోరాపుట్‌లోను, విద్యుత్ పరికరములను హైదరాబాదులోను తయారు చేయుటకు కర్మాగారములను నెలకొల్పినది. 1965లో స్థాపించిన హైదరాబాదు కర్మాగారము ఈ మిగ్ కొరకు పుట్టినదే. బాలానగర్ ప్రాంతము నేడు పొందిన పారిశ్రామిక స్వరూపములో ఆ కర్మాగారమునకు గల పాలు చిన్నది కాదు.

1965 యుద్ధమునాటికి మిగ్‌లు కొద్దిపాటి సంఖ్యలోనే ఉండెను. ఆ యుద్ధభారమును నాట్, హంటర్ వంటి విమానములే మోసినవి. 1971 నాటికి పరిస్థితి మారినది. ఆ యుద్ధములో మిగ్‌లు స్టార్ ఫైటర్లను కూల్చినవి. డిసెంబరు 14వ తేదీన ఢాకాలోని గవర్నరు భవనముపై దాడి చేసినవి. రెండు దినముల పిమ్మట తూర్పు పాకిస్తానులోని సైన్యము లొంగిపోయినది. కాలక్రమమున మన వాయుసేనలో చేరిన మిగ్-21ల సంఖ్య 850కి మించినది.

చెల్లించిన మూల్యము

ఐతే ఈ కీర్తికి మరొక ముఖము కలదు. 2012లో నాటి రక్షణమంత్రి ఏ.కె. ఆంటోనీ పార్లమెంటునకు తెలిపిన లెక్క ప్రకారము, 1970ల ఆరంభము మొదలు ఆ యేటి ఏప్రిల్ వరకు అన్ని రకముల మిగ్ విమానములు కలిసి 482 ప్రమాదములలో నష్టమైనవి. ఆ ప్రమాదములలో 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు ప్రాణములు కోల్పోయిరి. వార్తాపత్రికలు ఈ విమానమునకు పెట్టిన 'ఎగిరే శవపేటిక' అను పేరు జనుల నోళ్ళలో నిలిచిపోయినది.

తప్పు అంతయు విమానముదే అనుట న్యాయము కాదు. మిగ్-21 గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగముతో నేలకు దిగు విమానము. అట్టి విమానమును నడపవలసిన యువకుడు, నిదానముగా పోవు శిక్షణ విమానము నుండి తిన్నగా దీనిలోనికి ఎక్కవలసి వచ్చెడిది. ఈదుట నేర్చుకొనుచున్న వానిని చెరువునుండి లేపి వరదగోదావరిలో దించిన చందము. ఈ రెంటికి నడుమ మరొక శిక్షణ విమానము ఉండవలెనని 1982లోనే ఎయిర్ మార్షల్ లాఫాంటైన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము సిఫారసు చేసినది. కొనుగోలు ఒప్పందము కుదిరినది 2004లో. హాక్ అను ఆ శిక్షణ విమానములు బీదరు స్థావరములో సేవలోనికి వచ్చినది 2008 ఫిబ్రవరిలో.

సిఫారసునకును విమానమునకును నడుమ గడచిన కాలము ఇరువది ఆరు సంవత్సరములు. ఆ కాలములో మరణించిన యువకులందరు హాక్ ఉండిన యెడల బ్రతికియుందురని చెప్పలేము. కాని కొందరైనను బ్రతికియుందురని చెప్పుట అతిశయోక్తి కాదు. కార్యాలయములలో ఒక కాగితము ఆలస్యమైనపుడు ఆ ఆలస్యమునకు వెల ఎవరు చెల్లింతురను ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన సమాధానము దొరకదు.

మరుత్ చెప్పిన పాఠము

మన దేశమే స్వయముగా యుద్ధవిమానమును నిర్మింపవలెనను సంకల్పము నేటిది కాదు. జర్మనీ దేశపు ప్రసిద్ధ విమాన శిల్పి కుర్ట్ టాంక్ 1956లో బెంగుళూరు వచ్చి హిందుస్తాన్ సంస్థలో పని చేసినాడు. ఆయన నాయకత్వమున రూపొందిన 'మరుత్' 1961 జూన్ 17వ తేదీన మొదటిసారి ఎగిరినది. ఆసియాలో ఆనాటికి అది సామాన్యమైన విజయము కాదు. రూపము అందమైనది, దేహము దృఢమైనది. 1971 యుద్ధములో రాజస్థాను సరిహద్దున మంచి పేరు తెచ్చుకొన్నది.

కాని దానికి తగిన గుండె దొరకలేదు. ఏ ఇంజనును ఉద్దేశించి మరుత్‌ను రూపొందించిరో, ఆ ఇంజనును బ్రిటన్ మధ్యలో మానివేసినది. దాని అభివృద్ధిని కొనసాగించుటకు వలసిన ద్రవ్యమును ఇచ్చుటకు భారత ప్రభుత్వము ఇష్టపడలేదు. ఈజిప్టు తలపెట్టిన మరొక ఇంజనుపై పెట్టుకొన్న ఆశయు నెరవేరలేదు. శబ్దవేగమును సునాయాసముగా మించవలసిన విమానము చాలని ఇంజన్లతోనే తన జీవితమును గడపినది. 147 విమానములతో దాని నిర్మాణము ఆగిపోయినది. అంతకంటె పెద్ద నష్టము మరొకటి జరిగినది: మరుత్‌ను నిర్మించిన అనుభవజ్ఞులు చెదరిపోయిరి. వారి తరువాతి తరమునకు చేతిపని అప్పగించుటకు మరొక విమానము లేకపోయినది.

తేలికపాటి యుద్ధవిమాన పథకము 1983లో మంజూరైనప్పుడు పని దాదాపు మొదటికి వచ్చినది. కోట హరినారాయణ నాయకత్వమున శాస్త్రజ్ఞులు ఎన్నో సమస్యలను ఎదుర్కొనిరి. 1998 అణుపరీక్షల పిమ్మట అమెరికా విధించిన ఆంక్షల వలన పని మరింత కుంటుపడినది. ఐనను 2001 జనవరి 4వ తేదీన ఆ విమానము ఎగిరినది. 2003లో ప్రధాని వాజపేయి దానికి 'తేజస్' అని పేరు పెట్టినారు. 2016 జూలైలో తొలి తేజస్ దళము ఏర్పడినది. మంజూరునుండి దళము వరకు ముప్పది మూడు సంవత్సరములు పట్టినది.

తేజస్ కొరకు ఉద్దేశించిన స్వదేశీ ఇంజను 'కావేరి' తగినంత అభిబలమును సాధింపలేకపోయినది. 2008లో దానిని తేజస్ పథకమునుండి వేరుచేసిరి. నేడు తేజస్‌లో కొట్టుకొనుచున్నది అమెరికా దేశపు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తయారు చేసిన గుండె. 2021 ఫిబ్రవరిలో 83 నూతన తేజస్ మార్క్-1ఏ విమానములకు ఒప్పందము జరిగినది. మొదటి విమానము 2024 మార్చినాటికి వాయుసేన చేతికి రావలెను. వాటి కొరకు కోరిన 99 ఇంజన్లలో మొదటిది అమెరికానుండి వచ్చినదే 2025 మార్చిలో. మిగ్-21 సెలవు తీసికొన్న దినమునాటికి ఒక్క మార్క్-1ఏ విమానమైనను దళములో చేరలేదు. ఆ వీడ్కోలునకు ముందురోజున ప్రభుత్వము 62,000 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో మరి 97 విమానములకు ఒప్పందము చేసికొన్నది.

మరుత్ కథయు తేజస్ కథయు ప్రక్కప్రక్కన పెట్టి చూచిన యెడల ఒకే పాఠము కనబడుచున్నది. ఇంజను పరాధీనమైనచో విమానము స్వాధీనము కాదు.

ఇంజను ఎందుకింత కష్టము?

చంద్రునిపై దిగిన దేశము ఒక విమానపు ఇంజనును చేసికొనలేదా యని విద్యార్థులు అడుగుట సహజము. సమాధానము లోహశాస్త్రములో ఉన్నది. రాకెట్టు ఇంజను కొన్ని నిమిషములు మండి తన పని ముగించుకొనును. యుద్ధవిమానపు ఇంజను వేల గంటలు పని చేయవలెను. క్షణములో వేగము పెంచవలెను, క్షణములో తగ్గింపవలెను. దానిలోని టర్బైను రెక్కలను తాకు వాయువుల ఉష్ణోగ్రత ఆ రెక్కల లోహము కరగు ఉష్ణోగ్రతకంటె ఎక్కువ. రెక్క లోపల సన్నని మార్గములు చెక్కి, వాటిగుండ చల్లని గాలిని పంపి, అది కరగకుండ కాపాడవలెను. సామాన్య లోహములో అనేక స్ఫటికములు ఉండును. వాటి సరిహద్దులే బలహీనతకు చోట్లు. అందువలన రెక్క మొత్తమును ఒకే స్ఫటికముగా పోతపోయుదురు. ఈ విద్య తెలిసిన దేశములు ప్రపంచమున బహు కొద్ది. తెలిసినవారు దానిని ఎవరికిని సులభముగా నేర్పరు.

హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయము ఇట్టి ఏకస్ఫటిక రెక్కలను సాధించి, హెలికాప్టరు ఇంజను కొరకు 60 రెక్కలను హిందుస్తాన్ సంస్థకు అందించినట్లు 2021లో ప్రభుత్వము ప్రకటించినది. ఇది చిన్న వార్తగా పత్రికలలో వచ్చి పోయినది. కాని ఒక విమానము ఎగిరిన వార్తకంటె ఇది తక్కువైనది కాదు. రేపటి విమానముల భవిష్యత్తు ఇటువంటి చిన్న వార్తలలోనే దాగియుండును.

నేలమీది కవచము

విమానములు తగ్గిననేమి, క్షిపణులు ఉన్నవిగదా యను వాదము ఇటీవల వినవచ్చుచున్నది. ఈ వాదమునకు బలము చేకూర్చినవి 2025 మే నెల సంఘటనలు. ఏప్రిల్ 22వ తేదీన పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపిన పిమ్మట, మే 7వ తేదీన భారత సేనలు పాకిస్తానులోని ఉగ్రవాద స్థావరములపై దాడి చేసినవి. మే 8వ తేదీ రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల 300 నుండి 400 వరకు డ్రోన్లను పంపినదని భారత ప్రభుత్వము తెలిపినది. వానిలో పెక్కింటిని మన రక్షణ వ్యవస్థ కూల్చివేసినది. మే 10వ తేదీన కాల్పులు ఆగినవి.

ఆ వ్యవస్థ ఒకే గోడ కాదు. ఒకదాని లోపల ఒకటిగా నిలిచిన కోటగోడల వంటిది. బయటి గోడ రష్యానుండి కొన్న ఎస్-400. దాని పరిధి 400 కిలోమీటర్ల వరకు. దాని లోపల ఇజ్రాయెలుతో కలిసి రూపొందించిన మధ్యపరిధి క్షిపణి. అది సుమారు 70 కిలోమీటర్లు పోవును. దాని లోపల మన 'ఆకాశ్'. దాని పరిధి సుమారు 25 కిలోమీటర్లు. చివరి గోడ ఎల్-70 వంటి ఫిరంగులు. వీటన్నిటిని రాడార్లతో ముడివేసి, ఏ లక్ష్యమును ఏ ఆయుధము కొట్టవలెనో నిర్ణయించు సమాచార వ్యవస్థలు వేరుగా కలవు. దశాబ్దముల నాటి ఎల్-70 ఫిరంగి కొత్త రాడారుతో జతకూడి చవుకబారు డ్రోనును కూల్చుట ఆ యుద్ధములో గమనింపదగిన విశేషము. స్వల్పమైన వెలగల డ్రోనును అమూల్యమైన క్షిపణితో కొట్టుట దోమపై బ్రహ్మాస్త్రమును ప్రయోగించుట వంటిది. ఆ విధముగ క్షిపణులు ఖర్చయిపోవలెననియే శత్రువు కోరును.

ఈ గోడలలో ఆకాశ్‌కు తెలుగునాటితో విడదీయరాని బంధము కలదు. 1983లో అబ్దుల్ కలాం నాయకత్వమున హైదరాబాదులో ఆరంభమైన క్షిపణి పథకములోని అయిదింటిలో ఆకాశ్ ఒకటి. అదే పథకములో పుట్టిన త్రిశూల్ విఫలమై 2008లో ముగిసిపోయినది. ఆకాశ్ మాత్రము ప్రహ్లాద రామారావు వంటి శాస్త్రజ్ఞుల దీక్షవలన నిలిచినది. 2015లో అది వాయుసేనలోను సైన్యములోను లాంఛనముగా చేరినది. 1970లో హైదరాబాదులో స్థాపించిన భారత్ డైనమిక్స్ సంస్థ దానిని తయారు చేయుచున్నది. ముప్పది రెండు సంవత్సరముల ఓర్పు 2025 మే రాత్రులలో ఫలించినది.

విమానము లేని ఆకాశము

ఐనను క్షిపణి విమానమునకు ప్రత్యామ్నాయము కాజాలదు. దీనికి భూగోళమే సాక్ష్యము. భూమి గుండ్రనిది, రాడారు కిరణము తిన్నగా పోవును. వంద మీటర్ల ఎత్తున వచ్చు విమానమును నేలమీది రాడారు సుమారు 50 కిలోమీటర్ల దూరమువరకే చూడగలదు. 400 కిలోమీటర్ల పరిధిగల క్షిపణి యున్నను, కన్ను చూడని దానిని చేయి కొట్టలేదు. ఆ కన్నును ఆకాశమునకు ఎత్తవలెను. అందుకే రాడారును మోయు విమానములు కావలెను. మన యొద్ద అట్టి ఫాల్కన్ విమానములు మూడే యున్నవి. స్వదేశీ 'నేత్ర' విమానములును వ్రేళ్ళపై లెక్కింపదగినవే.

మరొక సంగతి. క్షిపణి ఉన్నచోట ఉండి కాపాడును. గుర్తు తెలియని విమానము వచ్చినపుడు దగ్గరకు పోయి, చూచి, హెచ్చరించి, అది దారి తప్పిన ప్రయాణికుల విమానమా శత్రువా యని తేల్చుకొనలేదు. ఆ వివేకము పైలటుదే. యుద్ధకాలమున కంటె శాంతికాలమున ఈ వివేకము విలువ ఎక్కువ.

సంఖ్యకంటె నాణ్యము ముఖ్యమనుటయు కొంతవరకే నిజము. 2020 జూలైలో అంబాలాకు రాసాగిన రఫేల్ విమానములు 36. ఒక్కొక్కటి పలు మిగ్‌ల పని చేయగలదు. ఐనను ఒక విమానము ఎంత గొప్పదైనను లడఖ్‌లోను కచ్‌లోను ఒకే సమయమున ఉండలేదు. యుద్ధములో నష్టము తప్పదు. 2025 మే పోరులో మన విమానములకు నష్టము కలిగినదని త్రివిధ దళాధిపతి అనిల్ చౌహాన్ ఆ నెలాఖరున సింగపూరులో అంగీకరించినారు, సంఖ్య చెప్పలేదు. పాకిస్తానుకు చెందిన అయిదు యుద్ధవిమానములను, ఒక పెద్ద విమానమును కూల్చితిమని ఆగస్టులో మన వాయుసేనాధిపతి ప్రకటించినారు; పాకిస్తాన్ దానిని కాదన్నది. లెక్కలలో వివాదమున్నను, విమానములు తక్కువగాయున్న వాయుసేనకు ప్రతి నష్టమును రెండింతలుగా బాధించుననుటలో వివాదము లేదు.

పరాధీనత క్షిపణులలోను లేకపోలేదు. 2018లో 543 కోట్ల డాలర్లకు కొన్న అయిదు ఎస్-400 దళములలో 2023 నాటికి మూడే వచ్చినవి. ఉక్రెయిన్ యుద్ధమువలన మిగిలిన రెంటికి గడువు దాటినది. అమ్మువాడే యుద్ధములో చిక్కుకొన్నపుడు కొన్నవాడు వేచియుండక తప్పదు.

రానున్న పది సంవత్సరములు

ఇకముందు లెక్క ఎట్లున్నది? రెండు ఒప్పందముల క్రింద రావలసిన తేజస్ మార్క్-1ఏ విమానములు 180; అనగా సుమారు పది దళములు. బెంగుళూరు, నాసిక్ కర్మాగారములలో కలిపి ఏటికి 24 విమానములు తయారు చేయవలెనని లక్ష్యము. ఆ లక్ష్యము మొదటి యేటినుండియే నెరవేరినను అన్నియు చేతికి వచ్చుటకు ఏడున్నర సంవత్సరములు పట్టును. ఈలోపల జాగ్వార్, మిరాజ్, మిగ్-29 విమానములు ముదిమిని చేరుచున్నవి. ప్రపంచమున జాగ్వార్‌ను ఇంకను నడపుచున్న వాయుసేన మనదొక్కటియే. ఈ మూడు రకముల దళములు సుమారు పన్నెండు. పది వచ్చి పన్నెండు పోయిన యెడల లోటు తీరుట అటుండనిచ్చి పెరుగును. కొత్త కుండలో నీరు పోయుచుండగనే పాత కుండ కారిపోవుచున్నది.

ఆశకు తావు లేకపోలేదు. విమాన నిర్మాణములో ప్రైవేటు సంస్థలు కూడ పాలుపంచుకొనుచున్నవి. తేజస్ మధ్యభాగమును హైదరాబాదులోని ఒక సంస్థ 2025 మేలో తయారు చేసి యిచ్చినది. రఫేల్ విమాన దేహములను హైదరాబాదులో నిర్మించుటకు అదే సంవత్సరము జూన్‌లో టాటా సంస్థకును ఫ్రాన్సు దేశపు దస్సో సంస్థకును ఒప్పందము కుదిరినది. రాబోవు తరపు యుద్ధవిమానమునకు ఫ్రాన్సుతో కలిసి ఇంజనును రూపొందింతుమని రక్షణమంత్రి 2025 ఆగస్టులో తెలిపినారు. మరుత్ నాటినుండి వాయిదా పడుచున్న పని ఇది.

ఇట్టి పనులు సఫలము కావలెనన్న మూడు విషయములు అవసరము. మొదటిది, ఇంజను పరిశోధనకు ఒక విమానముతో ముడిపెట్టక నిలకడగా ద్రవ్యమును కేటాయించుట. కావేరి వలె ఒక విమానమునుండి తొలగింపగానే అనాథ కాకూడదు. రెండవది, ఒక విమానము ముగియకముందే మరొకదానిని ఆరంభించి, పని నేర్చినవారు చెదరిపోకుండ చూచుట. మూడవది, గడువు దాటినపుడు ఎవరు ఎందుకు దాటించిరో పార్లమెంటు అడుగుట, సమాధానము ప్రజలకు తెలియుట. ఈ మూడింటికి గొప్ప మేధస్సుకంటె క్రమశిక్షణ ఎక్కువ అవసరము.

దుండిగల్ వాయుసేనా విద్యాలయమునుండి ఏటేట యువతీయువకులు పట్టాలు పుచ్చుకొని రెక్కల చిహ్నములు ధరించుచున్నారు. వారిలో పలువురు నిన్నమొన్నటివరకు మన పాఠశాలల బల్లలపై కూర్చున్నవారే. వారు ప్రాణములు పణముగా పెట్టుటకు సిద్ధపడినారు. వారికి నమ్మదగిన విమానమును, దానికి నమ్మదగిన ఇంజనును, అవి రెండును సకాలమున అందజేయు బాధ్యత దేశముది. 1982 సిఫారసు 2008లో నెరవేరినట్లు ఈ బాధ్యతయు నెరవేరిన యెడల, మిగ్ వెళ్ళిపోయినను దాని కథ వెళ్ళిపోయినట్లు కాదు.